సెలవుల్లో ఒంటరిగా స్వింగ్ సాధన చేసే పిల్లకు ముందు ఒక తాడు కట్టివ్వండి

"మా అమ్మాయికి పన్నెండేళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. సెలవుల్లో బంతి వేసేవాళ్లెవరూ ఉండరు. స్వింగ్, అంటే బ్యాటు ఊపే తీరు, బాగుపడాలంటే ఇంటి దగ్గర ఒక్కతే ఏం చేయాలి?" అని మీరు అడిగారు. చెట్టుకు తాడు కట్టి, దానికి గుడ్డ బంతి వేలాడదీయండి. నా జవాబు అదే. ఎందుకో చెబుతాను.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు జిల్లా జట్టుకు ఆడాను. పదిహేడేళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. అయినా ఒంటరి సాధన ఎలా ఉండాలో నాకు నిజంగా అర్థమైంది మా అక్క కూతురి వల్లే.

ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చింది. మొదటి రోజు భోజనానికి కూర్చుని చెంచా అడిగింది. మా ఇంట్లో ఎవరూ చెంచాతో అన్నం తినరు. ఏమైందని చేయి తిప్పి చూస్తే అరచేతి నిండా బొబ్బలు. "నాన్న రోజూ మూడు వందల స్వింగులు చేయమన్నారు పిన్నీ" అంది. ఏ రోజు ఎన్ని చేసిందో రాసిన నోటు పుస్తకం కూడా వెంట తెచ్చుకుంది.

ఆ బొబ్బలు ఉన్న చోటును బట్టే నాకు సగం సంగతి తెలిసిపోయింది. బ్యాటును వేళ్లతో పట్టుకునే పిల్లకు వేళ్ల మొదళ్లలో కాయలు కాస్తాయి. ఈ పిల్లకు అరచేయి మధ్యలో, బొటనవేలి కింది కండ మీద చర్మం లేచిపోయింది. అంటే గొడ్డలి పిడిని పట్టినట్టు బ్యాటును పిడికిలి లోపలికంటా బిగించి పట్టుకుంటోంది. అలా పడితే మణికట్టు బిగుసుకుపోతుంది, బ్యాటు తిరగడం ఆలస్యమవుతుంది. రోజుకు మూడు వందలసార్లు ఆ పిల్ల ఆ తప్పునే సాధన చేసింది. లెక్క రాసుకున్నారు కానీ చేయి చూసినవాళ్లు లేరు.

బొబ్బలు మానాక ఒక సాయంత్రం పెరట్లో స్వింగ్ చేసి చూపించమన్నాను. ఎడమ మోచేయి పైకి లేచింది, బ్యాటు నిటారుగా కిందికి దిగింది. అచ్చంగా క్రికెట్ డ్రైవ్. మా బావగారు కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడారు, తనకు తెలిసింది ప్రేమగా నేర్పారు. కానీ క్రికెట్‌లో బంతి సాధారణంగా నేల మీద పడి లేస్తుంది, బ్యాటుకు చదునైన ముఖం ఉంటుంది. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు గుండ్రం. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది, అదీ పిచర్ (బంతి విసిరే అమ్మాయి) తుంటి దగ్గర నుంచి, కింది చేతి విసురుతో. పెద్ద అమ్మాయిల ఆటలో పిచర్‌కూ, బ్యాటు పట్టిన పిల్ల పక్కన నేల మీద ఉండే పలక, అంటే ప్లేటుకూ మధ్య దూరం 43 అడుగులే. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వదిలితే అర సెకనులో బంతి ప్లేటు మీద ఉంటుంది. అంత తక్కువ సమయంలో పైనుంచి కిందికి గీత గీసినట్టు దిగే బ్యాటు ఆ బంతిని ఒక్క బిందువు దగ్గర మాత్రమే కలుస్తుంది. బంతి వచ్చే దారిలోకి ముందే చేరి, ఆ దారి వెంటే సాగే బ్యాటుకు చాలా ఎక్కువ అవకాశం ఉంటుంది. ఇది నేను ఎంతమందికి చెప్పినా "బ్యాటింగ్ ఎక్కడైనా బ్యాటింగే కదా మేడం" అంటారు. కాదు.

ఆ సాయంత్రమే పాత చీర పీలికలు చుట్టి, బిగించి కుట్టి సాఫ్ట్‌బాల్ అంత బంతి చేశాను. దాన్ని పాత సాక్సులో వేసి, తాడు కట్టి, పెరట్లో వేపకొమ్మకు వేలాడదీశాను. నిలబడితే బంతి ఆ పిల్ల నడుము ఎత్తులో, ముందరి పాదానికి ఎదురుగా ఉండాలి. పొట్టకు ఎదురుగా కాదు. ఇళ్లలో సాధన చేసే పిల్లల్లో చాలామంది బంతిని పొట్టకు ఎదురుగానే పెట్టుకుంటారు, అందుకే మ్యాచ్‌లో ఎప్పుడూ ఆలస్యంగా కొడతారు.

మొదటి దెబ్బకు బంతి గిరగిరా తిరిగి తాడు కొమ్మకు చుట్టుకుంది. రెండోదానికీ అంతే. "నేనేం చేశాను పిన్నీ?" అంది. నేను చెప్పలేదు, తాడును చూడమన్నాను. బంతి నడిమధ్యలో తగిలితే తాడు ఎదురుగా తిన్నగా లేచి, అదే దారిలో వెనక్కి వస్తుంది. అంచున తగిలితే చుట్టలు తిరుగుతుంది. కింది భాగంలో తగిలితే బంతి ఎగిరి తాడు సడలి కుదుపు పడుతుంది. పది నిమిషాల్లో ఆ పిల్ల నా ముఖం చూడటం మానేసి తాడును చదవడం మొదలుపెట్టింది. చీకటి పడే వేళకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ధప్" మని మోగి తాడు గీత గీసినట్టు వెళ్లి వచ్చింది. బ్యాటు కింద పెట్టి అరచేతులు చూసుకుంది. "ఈసారి చేతికి ఏమీ తెలియలేదు" అంది.

ఒంటరిగా సాధన చేసే పిల్లకు తప్పు జరిగిన ఆ క్షణంలోనే తప్పు అని చెప్పే వస్తువు ఎదురుగా ఉండాలి. గాలిలో మూడు వందల స్వింగులు చేస్తే గాలి ఏమీ చెప్పదు.

గోడ కూడా అలాంటిదే. వెదురు కర్రను బ్యాటు పొడవుకు కోసి, ఒక కొన పొట్టకు, రెండో కొన గోడకు ఆనించి, ఆ దూరంలోనే గోడకు ఎదురుగా నిలబడి నెమ్మదిగా స్వింగ్ చేయమనండి. చేతులు ఒంటికి దగ్గరగా వస్తే కర్ర గోడను తాకదు. చేతులు ముందే బయటికి చాచితే గీసుకుంటుంది. మా సున్నం గోడ మీద మొదటి వారం గీతలు లెక్కలేనన్ని. మూడో వారానికి కొత్త గీత కోసం వెతకాల్సి వచ్చింది. దీన్ని బ్యాటుతో మాత్రం చేయనివ్వకండి, పాడవుతుంది. చాలా బడుల్లో జట్టు మొత్తానికి ఉండేవి రెండు బ్యాట్లే.

నడుము తిరగడానికి అదే కర్రను వీపు వెనుక మోచేతుల మడతల్లో ఇరికించి తిప్పించండి. వెనుక పాదం మడమ లేచి, బొడ్డు పిచర్ వైపు తిరగాలి. రోజుకు పది చాలు. తాడు దగ్గర కూడా పదేసి చొప్పున ఐదు విడతలు, మధ్యలో నీళ్లు. యాభై దాటాక పిల్లలు అలసటతో భుజాలను వాడతారు, నడుమును వదిలేస్తారు.

మరో మాట. "మెత్తటి బంతే కదా" అనేవాళ్లను పట్టించుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. పేరులోనే మెత్తదనం. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న ఆ బంతి బరువు 178 నుంచి 198 గ్రాములు. క్రికెట్ బంతి 163 గ్రాములకు మించదు. హెల్మెట్ లేకుండా ఆడనిచ్చే బడి ఏదైనా సరే, మీరు వెళ్లి అడగండి.

సర్టిఫికెట్ కోసం మాత్రమే పిల్లను చేర్చే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. స్పోర్ట్స్ కోటా అవసరమే, కాదనను. కానీ సెలక్షన్లకు నెల ముందు వచ్చి "మా పాపకు జట్టులో చోటు ఉంటుందా మేడం" అని అడిగేవాళ్లు మీలాగా స్వింగ్ గురించి అడగరు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల సాఫ్ట్‌బాల్ ఉంది. 2028 ఒలింపిక్స్‌లో ఈ ఆట మళ్లీ వస్తోంది. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఐపీఎల్‌లో ఎవరిని ఎన్ని కోట్లకు కొన్నారో మూడో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు.

సెలవులు అయ్యాక మా బావగారు పిల్లను తీసుకెళ్లడానికి వచ్చారు. వేపచెట్టు కింద వరసగా ఏడుసార్లు తాడును తిన్నగా పంపి చూపించింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా దగ్గరకు వచ్చి, "ముడి ఎంత ఎత్తులో వేశావమ్మా?" అని అడిగారు.

మీకూ అదే చెబుతున్నాను. కొమ్మ తలకు కనీసం నాలుగడుగుల పైన ఉండాలి. మునగచెట్టుకు కట్టకండి, కొమ్మ పుటుక్కున విరుగుతుంది. వేప, చింత మంచివి. తాడు నూలుదైతే మేలు. నైలాన్ తాడు సాగి, బంతిని ముఖం మీదికి విసురుతుంది. మొదటి వారం నడుము ఎత్తు, తర్వాత మోకాలి పైన, ఆ తర్వాత ఛాతీ ఎత్తు. చిన్నపిల్లలు ఎవరూ ఆ దరిదాపుల్లోకి రాకుండా నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీయండి.