ఎర్ర నక్కను అడవిలో చూడగానే గుర్తుపట్టడం ఎలా?

తోక చివర చూడండి. తెల్లగా ఉంటే దాదాపు ఎర్ర నక్కే. పేరులో ఎరుపు ఉంది కదా అని రంగు వెతికితే మోసపోతారు, నాలాగే.

ఒక చలికాలం పొద్దున్నే నలుగురం మంచు కొండ వాలు మీద నడుస్తున్నాం. కాస్త దూరంలో బూడిద రంగు జంతువు. "తోడేలు పిల్ల" అన్నాడొకడు. పిల్ల ఇక్కడుంటే తల్లి ఎక్కడుందోనని నాకు ఒకటే టెన్షన్. అది మాత్రం మమ్మల్ని లెక్కే చేయలేదు. ఆగి, తల ఒక పక్కకు వంచి, మంచు కింద చప్పుడేదో వింటోంది. చెవుల వెనక మసి పూసినట్టు నలుపు. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, ముక్కు ముందుగా మంచులోకి దూకింది. సగం ఒళ్లు లోపల, పైన కుచ్చులాంటి తోక. దాని కొస సున్నంలో ముంచి తీసినట్టుంది! కాసేపటికి ఎలుకను కరుచుకుని బయటికొచ్చింది.

ఇలా మంచులోకి దూకే నక్కలకు ఈశాన్యం వైపు దూకితే వేట ఎక్కువగా దొరుకుతుందని 2011లో చెక్ పరిశోధకులు రాశారు. నక్కకూ ఈశాన్యం కలిసొస్తుందన్నమాట. మేం చూసింది ఎటు దూకిందో గమనించే తెలివి నాకప్పుడు లేదు.

ఎర్ర నక్కల్లోనే బూడిద, వెండి, ఇంచుమించు నలుపు రంగువి కూడా ఉంటాయి. మామూలు ఎర్రవాటికైతే కాళ్లకు నల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. గజ్జి పట్టిన నక్కకు బొచ్చూడిపోయి తోక తాడులా మిగులుతుంది. అలాంటిదాన్ని చూసి వింత జంతువంటూ వీడియోలు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అసలు మన భాషలోనే చిక్కుంది. పొడుగు కాళ్ల నక్కనీ (ఇంగ్లిష్‌లో జాకల్), గుంటనక్కనీ, ఈ ఎర్ర నక్కనీ కలిపి "నక్క" అనేస్తాం. ఆ మొదటి రెండింటి తోక కొసా నలుపే.

అడుగుజాడలు కూడా చూడొచ్చు. కుక్క జాడలు అటూ ఇటూ తిరుగుతాయి, నక్కవి దారం లాగినట్టు ఒకే వరసలో పోతాయి. మేం ఆ వరస పట్టుకుని కొంత దూరం వెళ్లేవాళ్లమే, కానీ ఇంతలో ఒక మహానుభావుడు బిస్కెట్ విసిరాడు. ఎలుకను నోట్లో పెట్టుకున్నదానికి బిస్కెట్ ఎందుకయ్యా! అది ఒక్క ఉరుకులో మాయం.

తోడేలు పిల్ల అన్నవాడు తీసిన ఫోటో కింద ఇప్పటికీ "తోడేలు" అనే ఉంది. అందులో తోక పడలేదు మరి.