ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేస్తే కొత్త కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్లు పనిచేస్తాయా?

పాత విండోస్ 10 ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో వేసుకుని, కొత్త విండోస్ 11 దాంట్లో పేస్ట్ చేస్తే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తో సహా అన్నీ వచ్చేస్తాయా అని అడిగారు. రావండి. ఏదో ఒకటీ అరా తెరుచుకుంటే తెరుచుకోవచ్చు, మిగతావి ఎర్రర్ చూపించి మూసుకుంటాయి. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉండదు. కొంత సమాచారం విండోస్ సెట్టింగులన్నీ ఉండే రిజిస్ట్రీలో రాసుకుంటుంది, కొంత ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో, కొంత మీ యూజర్ ఫోల్డర్‌లో కనిపించకుండా ఉండే యాప్‌డేటాలో పెట్టుకుంటుంది. పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి మార్చడానికి విండోస్ 7లో ఉన్న ఈజీ ట్రాన్స్‌ఫర్ కూడా ఫైళ్లు, సెట్టింగులే తెచ్చేది గానీ ప్రోగ్రాములు తెచ్చేది కాదు. విండోస్ 10లో అదీ తీసేశారు. ప్రోగ్రాముల్ని కూడా మారుస్తామనే సాఫ్ట్‌వేర్లు డబ్బుకి దొరుకుతాయి, కానీ ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా వాటితోపాటే కొత్త మెషీన్‌లోకి వస్తుంది. నేనైతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడానికే ఓటేస్తాను.

ఏమేం ఉన్నాయో గుర్తుండదనే బెంగ అక్కర్లేదు. పాత దాంట్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వింగెట్ (సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసే మైక్రోసాఫ్ట్ టూల్) ఎక్స్‌పోర్ట్ కమాండ్ ఇస్తే, దానికి తెలిసిన సాఫ్ట్‌వేర్ల జాబితా ఒక ఫైల్‌గా వస్తుంది. కొత్త దాంట్లో ఆ ఫైల్‌ని వింగెట్ ఇంపోర్ట్‌కి అందిస్తే వరసపెట్టి అదే ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతుంది. దానికి దొరకనివాటి పేర్లు పాత దాంట్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే చూపిస్తుంది, అవి మీరు చేత్తో వేసుకోవాలి.

ఫైళ్ల కాపీ తేలికే. సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్, దాంతోపాటు డి డ్రైవ్‌లో విడిగా దాచుకున్నవి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియోలు ఎక్కవు. డ్రైవ్ ఖాళీ చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. ఫైళ్లని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో దాచే వన్‌డ్రైవ్ వాడుతుంటే మాత్రం జాగ్రత్త. పేరు పక్కన మబ్బు గుర్తు ఉన్న ఫైల్ మీ డిస్కులో లేనట్టే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. సైజ్ ఎదురుగా పెద్ద అంకె ఉండి, సైజ్ ఆన్ డిస్క్ ఎదురుగా దాదాపు ఏమీ లేకపోతే అసలు సరుకు క్లౌడ్‌లో ఉందన్నమాట. వాటిని కాపీ చేయనక్కర్లేదు, కొత్త దాంట్లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు.

నా అనుభవంలో జనం ఇబ్బంది పడేది అటు ఫైళ్లతోనూ కాదు, ఇటు ప్రోగ్రాములతోనూ కాదు. ప్రోగ్రాముల కడుపులో ఉండే సమాచారంతో. మా బాబాయి డెస్క్‌టాప్ నిండా పసుపు రంగు స్టిక్కీ నోట్సు ఉండేవి: ఫోన్ నంబర్లు, కరెంటు సర్వీసు నంబరు, ఎవరెవరికి ఎంతివ్వాలో లెక్కలు. డెస్క్‌టాప్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నాడు గనక అవీ వచ్చేశాయనుకున్నాడు. కొత్త దాంట్లో ఐకాన్లన్నీ ఉన్నాయి, చీటీ ఒక్కటీ లేదు. అవి డెస్క్‌టాప్ మీద కనిపిస్తాయే గానీ ఆ ఫోల్డర్‌లో ఉండవు. యాప్‌డేటా లోపల ప్యాకేజెస్ ఫోల్డర్‌లో, ఒక చిన్న డేటాబేస్ ఫైల్‌గా ఉంటాయి. పాత మెషీన్ ఇంకా ఇంట్లోనే ఉంది కాబట్టి సరిపోయింది. అందులో స్టిక్కీ నోట్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సింక్ చేస్తే ఇటు వచ్చేశాయి.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌లూ అంతే. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసినా పాస్‌వర్డ్‌లు పనికిరావు, వాటి ఎన్‌క్రిప్షన్ పాత విండోస్ యూజర్‌తో ముడిపడి ఉంటుంది. క్రోమ్‌లో సింక్ ఆన్ చేయండి, లేదా సీఎస్‌వీగా (మామూలు టెక్స్ట్ పట్టికగా) ఎక్స్‌పోర్ట్ చేసి అటు ఇంపోర్ట్ అవ్వగానే ఆ ఫైల్ చెరిపేయండి. అందులో పాస్‌వర్డ్‌లన్నీ బట్టబయలుగా ఉంటాయి. ఔట్‌లుక్‌లో పాప్ పద్ధతిలో (సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి) దించుకున్న మెయిళ్లుంటే, ఔట్‌లుక్ మూసేశాకే ఆ మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైల్ కాపీ చేయాలి. ఐమ్యాప్ పద్ధతి అయితే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లతో టైప్ చేసిన పాత ఫైళ్లుంటే ఆ ఫాంట్లు కూడా తెచ్చుకోవాలి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

ఇన్ని మెషీన్లకే అని పరిమితి ఉన్న సాఫ్ట్‌వేర్ల లైసెన్స్‌ని పాత దాంట్లో డీయాక్టివేట్ చేశాకే కొత్త దాంట్లో యాక్టివేట్ చేయండి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నానన్నారు కదా, దాంట్లోనే బ్యాకప్ ఆప్షన్ ఉందేమో చూసి దాంతోనే బ్యాకప్ తీయండి. డేటా ఫోల్డర్‌ని నేరుగా లాగేయడం కన్నా అదే భద్రం.

పాత ల్యాప్‌టాప్‌ని వెంటనే ఫార్మాట్ చేసి ఎవరికీ ఇచ్చేయకండి. నెలకోసారో, మూడు నెలలకోసారో తెరిచే ప్రోగ్రామ్ అవసరం అప్పుడే గుర్తొస్తుంది. డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకుని వాడదామనుకుంటే, డిస్క్‌కి విండోస్ వేసే తాళం లాంటి బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసి 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. అది లేకుండా వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ డిస్క్ తెరుచుకోదు.