రెండు నెలల చలికి పన్నెండు వేల హీటరా?

ప్రశ్న: మేము హనుమకొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో అద్దెకుంటున్నాం. రెండు బెడ్‌రూముల ఇల్లు. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నెలకు 38,000 చేతికొస్తుంది. అద్దె 9,000, చిట్టి 5,000, పాప ఇంటర్ ఫీజు వేరే. డిసెంబర్ వచ్చిందంటే మా అత్తమ్మకు (72 ఏళ్లు) మోకాళ్లు పట్టేస్తాయి, రాత్రంతా నిద్ర ఉండదు. పాప పొద్దున ఐదింటికి లేచి చదవాలి. పోయిన జనవరిలో పక్కింటివాళ్ల 2,000 వాట్ల ఫ్యాన్ హీటర్ తెచ్చి రోజూ రాత్రి రెండు గంటలు వేశాం. నవంబర్‌లో 172 యూనిట్లు కాలితే జనవరిలో 318 కాలాయి, బిల్లు రెండు వేలు దాటింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 12,500కు ఆయిల్ హీటర్ ఉంది. నో కాస్ట్ ఈఎంఐ, కరెంటు తక్కువ తాగుతుందట. ఆదివారంతో ఆఫర్ అయిపోతుంది. అత్తమ్మేమో బొగ్గుల కుంపటి చాలు అంటున్నది. మా ఆయన వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ తీసుకుందామంటాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: డబ్బు లెక్కలోకి పోయే ముందు కుంపటి సంగతి తేల్చేద్దాం. వద్దు. అత్తమ్మ పెరిగిన పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, గాలి వచ్చేది. మీ ఫ్లాట్‌లో కిటికీలు, తలుపులు వేసి బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు. నిద్రలో ఉన్నవాళ్లు లేవరు, అంతే. ఏటా చలికాలంలో ఇలాంటి వార్త ఒకటైనా చదువుతూనే ఉంటాం. చలిమంట కాగాలనిపిస్తే ఆరుబయటే. ఇంట్లోకి మాత్రం నిప్పుల చిప్ప కూడా తేవద్దని గట్టిగానే చెప్పండి. కావాలంటే నా మాటగా చెప్పండి.

ఇక హీటర్. మన దగ్గర హీటర్ అంటే ఇప్పటికీ బకెట్లో వేసే రాడ్డే. గదికి హీటర్ పెట్టుకోవడం మనకు కొత్త. అందుకే దాని బిల్లు ఎలా పెరుగుతుందో చాలామందికి అంచనా ఉండదు. మీ రెండు వేల బిల్లుకు చలి ఒక్కటే కారణం కాదు, యూనిట్లు పెరిగేకొద్దీ రేటు మారే టారిఫ్ స్లాబు కూడా.

మన కరెంటు పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ ఇళ్ల టారిఫ్ ఎలా ఉందో చూడండి. నెల వాడకం వంద దాటి రెండొందల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. రెండొందలు దాటిందా, ఆ లెక్కంతా చెరిపేసి మొదటి యూనిట్ నుంచే 5.10 వేస్తారు. 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. అంటే సరిగ్గా 200 కాలితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు, 201 కాలితే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 208 రూపాయలన్నమాట. బిర్యానీ తినొచ్చు.

మీ నవంబర్ 172 యూనిట్లకు ఈ లెక్కన 686 రూపాయలు. జనవరి 318కి 1,952. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. పెరిగింది 146 యూనిట్లు, పెరిగిన డబ్బు 1,266. ఒక్కో అదనపు యూనిట్ మీకు 8.67 పడింది. తెల్ల రేషన్ కార్డు మీద గృహ జ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లకైతే ఇది ఇంకా పెద్ద దెబ్బ. 200 యూనిట్లు దాటితే పైన కాలినవాటికే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మొన్న జనవరిలో నా దగ్గరికొచ్చిన ఒక ఆటో డ్రైవర్ మూడే మూడు యూనిట్లు దాటి, సున్నా కట్టాల్సినచోట వెయ్యి పైన కట్టాడు. బాబు కోసం రాత్రిపూట హీటర్ వేశామన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేం, ఆ గీత అక్కడుందని ఎవరూ చెప్పలేదు.

మళ్లీ మీ ఇంటికి వద్దాం. 2,000 వాట్ల హీటర్ గంటకు రెండు యూనిట్లు తాగుతుంది. రోజుకు నాలుగు, నెలకు 120. మరి పెరిగిన 146లో లెక్క తేలనివి మిగతా 26 యూనిట్లేనా? కాదు. చలికాలంలో మీరు ఫ్యాన్లు ఆపేస్తారు కదా. ఒక్కో సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు. రెండు ఫ్యాన్లు ఏడెనిమిది గంటలు తిరగకపోతే నెలకు ముప్పై యూనిట్ల పైనే మిగులుతుంది. కాబట్టి హీటర్ లేకుండా మీ జనవరి వాడకం 140 దగ్గర ఉండాల్సింది. దానికి హీటర్ 120 కలిపితే 260. ఇంకో 58 ఎటు పోయాయి? నా అనుమానం గీజర్ మీద. పొద్దున ఐదింటికి పాప లేచినప్పుడు వేస్తే, అందరి స్నానాలూ అయ్యేదాకా అలాగే ఉంటుందా?

గీజర్‌లో 25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి కాగడానికి 1.16 యూనిట్లు కావాలి. 2,000 వాట్ల గీజర్‌కు ముప్పై ఐదు నిమిషాల పని. ఆ నీళ్లలో అంతే చన్నీళ్లు కలిపితే యాభై లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే పెద్ద బకెట్లు మూడు. నలుగురికి ఒకటిన్నర సారి కాగితే సరిపోతుంది. కానీ స్విచ్ నాలుగు గంటలు ఆన్‌లో ఉంటే ఒకరు స్నానం చేసి వచ్చాక చన్నీళ్లు లోపలికి పోతాయి, అది మళ్లీ కాగుతుంది, అరగంట తర్వాత ఇంకొకరు, మళ్లీ అదే. ఆఖరున ఎవరికీ అక్కర్లేని ఒక ట్యాంకు వేడి నీళ్లు మిగులుతాయి, సాయంత్రానికి చల్లబడతాయి. స్నానాలు ఒకరి వెనక ఒకరు పెట్టుకుని, ఆఖరి మనిషి లోపలికి పోయేముందే స్విచ్ తీసేయండి. ఇది రూపాయి ఖర్చులేని పని, అందుకే ఎవరూ చేయరు.

ఆయిల్ హీటర్ కరెంటు తక్కువ తాగుతుందన్న మాట నమ్మకండి. కాయిల్‌తో వేడి చేసే ఏ హీటరైనా, వెయ్యి రూపాయలదైనా పన్నెండు వేలదైనా, ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఆయిల్ హీటర్‌లో చప్పుడు ఉండదు, గాలి కొట్టదు, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. అది సౌకర్యం, పొదుపు కాదు. మా అమ్మ కోసం నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఏడు పది రోజులు వాడింది, రెండో ఏడు ‘గొంతు ఎండిపోతుంది’ అంది. ఇప్పుడు సజ్జ మీద అట్టపెట్టెలో ఉంది. హనుమకొండలో రాత్రులు 12–15 డిగ్రీలుండేది మహా అయితే రెండు నెలలు. ఆసిఫాబాద్, ఆదిలాబాద్‌లా రోజుల తరబడి సింగిల్ డిజిట్ చలి మనకు ఉండదు. ఐదేళ్లు వాడతారనుకున్నా ఏడాదికి 2,500, కరెంటు వేరే.

ఇంకొకటి. రెండు వేల వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గులో, అందులోనూ ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే వైరు కాలుతుంది. మీ బెడ్‌రూములో 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ లేకపోతే ఎలక్ట్రీషియన్ ఖర్చు కూడా కలపండి. అద్దె ఇంట్లో ఆ డబ్బు తిరిగి రాదు.

నేను చెప్పేదేమంటే, గదిని కాదు, మనిషిని వెచ్చబెట్టండి. అత్తమ్మకు కావాల్సింది పన్నెండు అడుగుల గది మొత్తం వేడెక్కడం కాదు, మంచం, మోకాళ్లు, పాదాలు వెచ్చగా ఉండటం. అందుకు ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉంది, ఒక మనిషికి సరిపడేది ఎనభై, వంద వాట్లు. పడుకునేముందు గంట, తెల్లవారుజామున కొంతసేపు, మొత్తం మూడు గంటలు వేసినా రోజుకు 0.3 యూనిట్. నెలకు తొమ్మిది. వెయ్యిన్నర అటూ ఇటూగా దొరుకుతుంది, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. మడతపెట్టి ఆన్ చేయొద్దు, తడి తగలనీయొద్దు. అత్తమ్మకు షుగర్ ఉండి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే మాత్రం బ్లాంకెట్ వేసి పక్క వేడెక్కాక ఆపేసి పడుకోబెట్టండి, ఎందుకంటే కాలుతున్నా తెలియదు. మోకాళ్లకు రబ్బరు వేడినీళ్ల సంచి, తువ్వాలు చుట్టి. మరిగిన నీళ్లు నేరుగా పోయకండి.

పైన కప్పుకునేదాని మీద కొత్త ఖర్చు పెట్టకముందు సజ్జ మీద ఉన్న పాత రజాయి దింపండి. లోపలి దూది ఉండలు కట్టి ఉంటుంది, అందుకే వెచ్చదనం రాదు. దూది ఏకి మళ్లీ కుట్టిస్తే కొత్త రజాయి ధరలో కొంతకే పని అవుతుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా పాత గొంగడి ఉంటే తెచ్చుకోండి. గుచ్చుకుంటుందని పాప ముఖం చిట్లిస్తుంది, చద్దరు మీద వేస్తే ఏం కాదు. ఇక టైల్స్. రాత్రి తొమ్మిది తర్వాత వాటి మీద వట్టి కాళ్లతో నడిచినవాళ్లకు తెలుస్తుంది. అత్తమ్మ మంచం నుంచి బాత్రూం దాకా ఒక పొడుగాటి జంపఖానా పరవండి. దానికి ఎక్కడో వెతకనక్కర్లేదు, వరంగల్ కొత్తవాడలోనే నేస్తారు. మన వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అడుగున జారకుండా పాత యోగా మ్యాటు ముక్క పెట్టండి, పెద్దవాళ్లు జారిపడితే వేలల్లో కాదు, లక్షల్లో పోతుంది.

మీది పై అంతస్తు కాబట్టి పైకప్పు స్లాబు రాత్రంతా చల్లబడుతూనే ఉంటుంది, దానికి అద్దెకుండేవాళ్లు చేయగలిగేది లేదు. కిటికీలకు చేయొచ్చు. స్లైడింగ్ కిటికీల సందుల్లో ఫోమ్ టేపు, రెండు మూడు వందల పని. దళసరి కర్టెన్లు ఒక్క గదికి చాలు. అత్తమ్మ, పాప ఇద్దరూ ఆ గదిలోనే పడుకుంటే ఇంకా మంచిది. నిద్రలో ఉన్న ఒక్కో మనిషి డెబ్బై, ఎనభై వాట్ల వేడి వదులుతారు, బిల్లు లేని హీటర్లు. దక్షిణం వైపు కిటికీ పది నుంచి మూడు దాకా తెరిచి ఎండ రానివ్వండి, నాలుగున్నరకు మూసి కర్టెన్ లాగేయండి. గాలి ఆడటానికి వెంటిలేటర్ మాత్రం వదిలేయండి.

పాప చదువుకు ఒక చిన్న క్వార్ట్జ్ హీటర్ తీసుకోవచ్చు, 400, 800 వాట్ల రెండు స్విచ్‌లున్నది. 400లో గంటసేపు కాళ్ల దగ్గర, పరుపుకూ పుస్తకాలకూ దూరంగా. రోజుకు 0.4, నెలకు 12 యూనిట్లు.

ఇప్పుడు కూడండి. ఫ్యాన్లు లేని వాడకం 140, చలికి గీజర్ అదనం 22, బ్లాంకెట్ 9, చిన్న హీటర్ 12. మొత్తం 183. ఎనర్జీ చార్జీ 738 రూపాయలు. పోయిన జనవరికన్నా 1,200 తక్కువ. వస్తువులన్నీ కలిపి ఐదు వేలకు అటూ ఇటూ అవుతాయి. ఒకేసారి కొనొద్దు. ఈ వారం బ్లాంకెట్, నీళ్ల సంచి, టేపు. చలి చూసి కర్టెన్లు, జంపఖానా. క్వార్ట్జ్ హీటర్ ఆఖరున, పాప నిజంగా ఐదింటికి లేస్తున్నదని తేలాక.

మీ ఆయన చెప్పిన ఏసీ మాటలో పస లేకపోలేదు. హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కానీ చలి కోసం ఏసీ కొనకండి. వచ్చే ఎండాకాలానికి ఎలాగూ కొనాలనుకుంటే, మామూలు మోడల్‌కూ దీనికీ తేడా నాలుగైదు వేలలోపు ఉంటేనే చూడండి. ఆ మాట మార్చిలో.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని అమ్మేవాడు డిస్కౌంట్‌గా తగ్గిస్తాడు, నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డు మీదే పడతాయి. పైగా మీకు చిట్టి, అద్దె, ఫీజు ఉండగా ఇంకో నెలవారీ వాయిదా తగిలించుకోవడం నాకు నచ్చలేదు. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, కార్ట్‌లోంచి ఈరోజే తీసేయండి.

రీడింగ్ తీసే అతను ఏ తేదీకి వస్తాడో పాత బిల్లు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి పదో రోజున, ఇరవయ్యో రోజున మీటర్ మీ అంతట మీరే చూసి క్యాలెండర్ మీద రాసుకోండి. కాలిన యూనిట్లు పదో రోజుకు 66, ఇరవయ్యో రోజుకు 133 లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి. ఇరవయ్యో రోజుకు 140 దాటిందంటే మిగిలిన పది రోజులు క్వార్ట్జ్ హీటర్ పక్కన పెట్టి, పాపను కాళ్ల మీద గొంగడి వేసుకుని చదవమనండి. అత్తమ్మ బ్లాంకెట్ మాత్రం ఆపకండి.