పెళ్లికి ముందు మొహానికి సూది వేయించుకోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే మాట, 'గ్లో ఇంజెక్షన్', అంటే మొహం నిగనిగలాడటానికి చర్మంలోకి వేసే సూది. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి అడుగుతారనుకున్నాను గానీ ఇంతమంది అడుగుతారనుకోలేదు. తిరుపతిలో ఇప్పుడు టీ అంగళ్లతో పోటీ పడి స్కిన్ క్లినిక్ బోర్డులు వెలుస్తున్నాయి మరి. అందుకే ఈసారి జుట్టు, మొటిమలు పక్కన పెట్టి దీని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేడం, నాకు 48. అమ్మాయి పెళ్లికి ఇంకా పది వారాలుంది. నా మొహం చూస్తే బూడిద రాసినట్టు ఉంటోంది, పౌడరు వేస్తే పొలుసులు పొలుసులుగా లేస్తోంది, కళ్ల కింద సన్న గీతలు. తెలిసినావిడ హైలురోనిక్ యాసిడ్ సూది వేయించుకోమంటోంది. యాసిడ్ అంటే మొహం కాలదా? మా ఆయనతో అంటే "పెళ్లి నీకా పాపకా" అన్నారు.
(పేరు వద్దు, కె.టి. రోడ్డు, తిరుపతి)

జవాబు: ముందు మీ ఆయన సంగతి. పెళ్లి ఆల్బమ్‌లో అమ్మాయి పక్కన ప్రతి ఫొటోలో నిలబడాల్సింది మీరేనమ్మా, ఆ మాట ఆయనకు నా మాటగా చెప్పండి.

యాసిడ్ అన్నది పేరుకే. బాత్రూమ్ కడిగే యాసిడ్‌కీ దీనికీ ఏ సంబంధం లేదు, ఇది ఇప్పటికే మీ ఒంట్లో ఉంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంట్లో ఉండే గాజులాంటి జిగురులో దీన్ని కనిపెట్టారు, గాజుకు గ్రీకులో ఉన్న మాటతోనే పేరు పెట్టారు. 70 కిలోల మనిషిలో సుమారు 15 గ్రాములుంటుంది, అందులో దాదాపు సగం చర్మంలోనే. ఇదేం చేస్తుందంటే, ఎండాకాలం సబ్జా గింజలు నానబెడతాం కదా, గింజ చుట్టూ నీళ్లు జిగురుగా పట్టి నిలబడతాయి చూడండి, అచ్చం అలా చర్మంలో నీళ్లు పట్టి ఉంచుతుంది. వయసుతోనూ ఎండతోనూ ఇది తగ్గుతూ వస్తుంది, నెలసరి ఆగే రోజుల్లో చర్మం ఇంకాస్త తొందరగా ఎండుతుంది. మీరు చెప్పిన బూడిద రంగు చాలావరకు అదే, ఎండిన చర్మం మీద వెలుతురు సమంగా పడదు.

ఇదే పేరుతో సీరమ్‌లు కూడా వస్తున్నాయి, అవి చెడ్డవి కావు, కానీ ఈ పదార్థం అణువు పెద్దది కాబట్టి చాలావరకు పైపొరలోనే ఉండిపోతుంది. సూదైతే పైపొర దాటి లోపలికి చేరుస్తుంది. పెదాలు, చెంపలు ఉబ్బించే ఫిల్లర్ వేరు, ఇది వేరు. ఫిల్లర్ గట్టి జెల్, పోసినచోట దిబ్బలా నిలబడుతుంది. స్కిన్ బూస్టర్ అనే ఈ రకం పల్చన, పరుచుకుంటుంది, మొహం ఆకారం మార్చదు.

రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో మొహమంతా చిన్న చిన్న బొట్లుగా చాలా పోట్లు పొడుస్తారు, సాధారణంగా నెలకొకటి చొప్పున రెండు మూడు విడతలు. ప్రొఫైలో అనే రకం ఇంకోలా ఉంటుంది, 2 మిల్లీలీటర్ల సిరంజిలో 64 మిల్లీగ్రాముల మందు, ఒక్కో చెంపకు ఐదు చోట్ల మాత్రమే పొడుస్తారు, అక్కణ్ణుంచి అదే పాకుతుంది, నెల తేడాతో రెండు విడతలు. పొడిచిన ప్రతిచోటా దోమ కుట్టినట్టు బొబ్బలాగా లేస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అద్దంలో ఆ పది బొబ్బలూ చూసుకుని "ఏంది మేడం ఇట్లా అయిపోయింది" అని కంగారు పడతారు, మామూలుగా మర్నాటికి అణిగిపోతాయి. నల్లగా కమిలితే మాత్రం వారం పది రోజులు పట్టొచ్చు. కాబట్టి మీకు పది వారాలుండటం మంచిదే, మొదటిది ఇప్పుడు, రెండోది నెలకు, ఆ తర్వాత ఇంకా ఐదారు వారాలు చేతిలో ఉంటాయి. పెళ్లి వారంలో మాత్రం ఎవరు బతిమాలినా సూది వద్దు.

ఏం ఆశించకూడదో కూడా వినండి. రంగు తేలదు. మంగు మచ్చలు పోవు. జారిన చెంపలు పైకి లేవవు. చర్మం తేమగా, మెత్తగా, కాస్త నిగనిగలాడుతూ ఉంటుంది, సన్న గీతలు పలచబడతాయి, అంతే. అదీ శాశ్వతం కాదు, ఒంట్లో ఉన్న ఎంజైములు దీన్ని కరిగించేస్తూనే ఉంటాయి, ఆరు నెలలకో తొమ్మిది నెలలకో మళ్లీ వేయించుకోవాల్సిందే. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఒక్క విడత ధర కాకుండా మొత్తం విడతలకు ఎంతో ముందే అడగండి.

ఇప్పుడు అసలు మాట. సూదికి డబ్బు కట్టేముందు రక్తపరీక్ష చేయించుకోండి, థైరాయిడ్, షుగరు, హిమోగ్లోబిన్. నిరుడు ఒకావిడ డబ్బు పర్సులో పెట్టుకుని నేరుగా ఇంజెక్షన్ కోసమే వచ్చింది. మాట్లాడుతుంటే గొంతు బొంగురుగా ఉంది, కనుబొమలు చెవి వైపు చివర్లు రాలిపోయి పెన్సిల్‌తో గీసుకుని వచ్చింది, మలబద్ధకం, ఎండాకాలంలోనూ చలి. సూది ట్రేలోనే పెట్టేసి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష రాశాను. థైరాయిడ్ తక్కువగా ఉంది. మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు చర్మం తిరుగుముఖం పట్టింది, ఆ ఇంజెక్షన్ డబ్బుతో ఆవిడ గాజులు చేయించుకుంది. మీకూ అదే అని చెప్పడం లేదు, కానీ 48లో ఎండిన మొహం వెనక థైరాయిడ్ ఉందో లేదో చూడకుండా సూది తీసేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

పరీక్షలన్నీ బాగుంటే, సెరమైడో గ్లిజరినో ఉన్న మాయిశ్చరైజర్ రెండు పూటలా, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, ఈ రెండూ ఒక మూడు వారాలు ఒక్కరోజు కూడా మానకుండా రాయండి. సన్‌స్క్రీన్ మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి, శనగగింజంత తీసి రాసి "పనిచేయలేదు" అనకూడదు. సగంమందికి ఇక్కడే పని అయిపోతుంది. అవక, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు సూది. మీకున్న పది వారాల్లో మూడు వారాలు పోయినా టైముంది, పైన చెప్పిన లెక్కే కాస్త జరుగుతుంది.

ప్రశ్న: అక్కా, క్లినిక్‌లో చెప్పిన రేటులో పావు వంతుకే మా వీధి పార్లర్‌లో చేస్తామంటున్నారు. సూది కూడా ఉండదట, పెన్నులాంటిది నొక్కితే మందు చర్మంలోకి పోతుందట. నొప్పి లేదంటున్నారు. పోవచ్చా?
(29 ఏళ్లు, రేణిగుంట)

జవాబు: పోవద్దమ్మా. నొప్పి లేకపోవడం కాదు చూడాల్సింది. ఆ పెన్ను ఒత్తిడితో మందు ఎంత లోతుకు, ఎటు పోతుందో నొక్కేవాళ్ల చేతిలో ఉండదు. అమెరికాలో మందుల మీద అదుపు చూసే సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే ఈ సూది లేని పెన్నులతో ఫిల్లర్లు ఎక్కించుకోవద్దని జనాన్ని హెచ్చరించింది.

మొహంలో రక్తనాళాలు కంటి దాకా కలిసి ఉంటాయి. బూస్టర్లతో అరుదే గానీ, జెల్ రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం పాలిపోతుంది, లేదా వలలాగా నీలం మచ్చలు తేలతాయి, నొప్పి తట్టుకోలేనంతగా ఉంటుంది, చూపు మసకబారొచ్చు. అప్పుడు గంటలు లెక్క. దాన్ని కరిగించడానికి హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఉంది, అది ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఎప్పుడు ఎంత ఇవ్వాలో తెలిసిన మనిషి ఎదురుగా ఉంటేనే మొహంలో సూది దిగాలి. అందుకే "మీ దగ్గర హైలురోనిడేజ్ ఉందా" అని అడగండి. ఆ పేరు విని బిక్కమొహం వేస్తే చెప్పులు తొడుక్కుని వచ్చేయండి.

డాక్టరు పేరు పక్కన ఎండీ డీవీఎల్ అనో డీడీవీఎల్ అనో, అంటే చర్మవ్యాధుల చదువు, ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుందా చూడండి. సీలున్న పెట్టె మీ కళ్లముందే విప్పాలి. పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మొహమాటం వద్దు. సిరంజిలో ముందే నింపి పెట్టుకుని తెచ్చారంటే అందులో ఏముందో దేవుడికే తెలియాలి. ఒకరికి వాడి మిగిలింది ఇంకొకరికి వేయడం కూడా చూశాను, చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఈ మందు జంతువుల నుంచి తీస్తారా?
(తిరుపతి)

జవాబు: మంచి ప్రశ్న, ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఒకప్పుడు కోడిపుంజు నెత్తిమీది ఎర్ర జుట్టు నుంచి తీసేవాళ్లు. ఇప్పుడు స్కిన్ బూస్టర్లలో వాడేది ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారు చేస్తారు, ఇడ్లీ పిండి పులిసినట్టే అనుకోండి. కానీ అదే క్లినిక్‌లో పాలీన్యూక్లియోటైడ్ అనే ఇంకో సూది కూడా ఉండొచ్చు, అది సాల్మన్ జాతి చేప డీఎన్‌ఏ. రెండింటినీ కలిపి 'గ్లో ఇంజెక్షన్' అనేస్తారు కాబట్టి, పెట్టె మీద పేరు చూసి అడగండి.

ప్రశ్న: సూది వేయించుకున్న మర్నాడు మొక్కు ఉంది, అలిపిరి నుంచి నడిచి ఎక్కి గుండు చేయించుకుంటా. ఏమైనా ఇబ్బందా?
(చంద్రగిరి)

జవాబు: సూది ఎక్కడికీ పోదు, దాన్ని మొక్కు తీరాక రెండు వారాలకు జరపండి. అలిపిరి దారి 3550 మెట్లు. చెమట, ఎండ, రక్తం మొహానికి ఎక్కడం, పొడిచిన చోట వాపుకు ఇంతకంటే ఇంకేం కావాలి. ఒకటి రెండు రోజులు బరువైన పని, ఆవిరి పట్టడం, మేకప్, మొహం మర్దన వద్దు. గుండుతో పేచీ లేదు గానీ తలకు రాసే గంధం మొహం మీది పోట్ల మీదికి జారకుండా చూసుకోవాలి, అవి మూసుకునేదాకా మొహానికి ఏమీ పూయకూడదు. గుండె జబ్బుకు ఎకోస్ప్రిన్‌లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు వాడుతుంటే కమలడం ఎక్కువగా ఉంటుంది, అలాగని మీ అంతట మీరు మానేయకండి, గుండె డాక్టర్ని అడగండి. పెదాల మీద తరచూ జ్వరపు పొక్కులు లేచేవాళ్లు కూడా ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇప్పుడు ఆగాలి.

ప్రశ్న: గ్లూటాథయోన్ డ్రిప్ పెట్టించుకుంటే తెల్లబడి మెరుస్తారంటున్నారు. ఇది, మీరు చెప్పేది ఒకటేనా?
(ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: కాదు. అది చేతి నరానికి సెలైన్ ద్వారా ఎక్కించేది. తెల్లబడటానికి దానికి అనుమతి లేదు. నీ ఫీజు డబ్బు అందులో పోయకు తల్లీ.

ప్రశ్న: మా అమ్మకు 69. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసింది. ఇప్పుడు రాత్రంతా కాళ్లు గోక్కుంటుంది, మోకాలి కింద చర్మం ఎండిన చెరువు మట్టిలాగా పగిలి ఉంది. ఇన్‌స్టాలో చూశాను, ఈ నీళ్ల సూది కాళ్లకూ వేస్తారా?
(చిత్తూరు)

జవాబు: బాబూ, అమ్మకు సూది అక్కర్లేదు, ఆ డబ్బులో వందో వంతు చాలు. ముందు స్నానం చూడండి. పొగలు వచ్చే నీళ్లు పోసుకుంటోందా, కొబ్బరి పీచుతో రుద్దుకుంటోందా? బోరు నీళ్లయితే బకెట్ అంచున తెల్లగా పొర కట్టిందేమో చూడండి, అలాంటి నీళ్లలో సబ్బు సరిగా కడుక్కుపోదు, చర్మం మీదే మిగిలిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, ఐదు నిమిషాలు, సబ్బు చంకలకూ తొడల మధ్యకూ మాత్రమే. పీచు పారేయండి, ఆవిడ ఒప్పుకోకపోతే దాచేయండి.

స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే, కాళ్లకు పెట్రోలియం జెల్లీ రాయండి. మడమలు మరీ మందంగా పగిలి ఉంటే యూరియా ఉన్న క్రీమ్, చీలికల్లో మాత్రం పెట్టకండి, మండుతుంది. రాత్రి ఇంకోసారి. కొబ్బరినూనె ఇష్టమైతే అదీ మంచిదే, కాకపోతే నూనె కాళ్లతో బాత్రూమ్‌లో జారుతుంది, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే దురద సంగతి మరిచిపోవాల్సి వస్తుంది.

ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిళ్లు దురద ఉందా? వేళ్ల మధ్య పొక్కులున్నాయా? ఉంటే అది గజ్జి కావచ్చు, అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. గజ్జి కాకపోయి, నాలుగు వారాలు ఇవన్నీ చేసినా దురద తగ్గకపోతే షుగరు, కిడ్నీ, లివరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి, తిరుపతి రావడానికి వీలైతే రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళితే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. ఆ రోజు మాత్రం కాళ్లకు ఏమీ రాయకుండా తీసుకెళ్లండి, జెల్లీ పూసిన చర్మం చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు.