అమ్మ మొక్కిన మొక్కు నేను తీర్చాలా?

ప్రశ్న: వందనాలండీ. నా వయసు 35. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చి బతకనన్నారట. అప్పుడు అమ్మ "ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా" అని మొక్కుకుంది. ఆ మాట వింటూనే పెరిగాను. 19 ఏళ్లప్పుడు యూత్ క్యాంపులో సేవకు సమర్పించుకునేవాళ్లు చేతులెత్తండి అంటే నేనూ ఎత్తాను. తర్వాత నాన్న అప్పులు, చెల్లి పెళ్లి, నా ఉద్యోగం. రెండేళ్ల క్రితం అమ్మ చనిపోయింది. చివరి వారంలో ఫోన్లో "నా మొక్కు అలాగే ఉండిపోయిందే" అంది. శనివారం వస్తానని చెప్పి, రిలీజ్ ఉందని ఆగిపోయాను. ఆదివారం పొద్దున్నే పోయింది.

నాకు రెండుసార్లు గర్భం పోయింది. మొక్కు తీర్చనందుకే ఇలా జరుగుతోందని మా ప్రేయర్ గ్రూపులో ఒక ఆంటీ ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం చదివి మరీ చెప్పారు. అప్పటి నుంచి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి ఉపవాస ప్రార్థనలు చేస్తున్నాం. ఏడాదిన్నరగా ఆదివారం మధ్యాహ్నాలు, మా ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట రేకుల షెడ్లలో ఉండే పాలమూరు, కర్నూలు కూలీల పిల్లలకు చదువు చెబుతున్నాను. వారం మొత్తంలో ఆ రెండు గంటలే నాకు ఊపిరాడుతుంది. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో బీఈడీ పూర్తి చేసి, తర్వాత మానేసి ఇలాంటి పిల్లలకు టీచరుగా ఉండిపోవాలని ఉంది. కానీ అది సేవ అవుతుందా? బైబిల్ కాలేజీకి వెళ్తేనే మొక్కు తీరినట్టా? ఇంటి లోను ఇంకా 11 ఏళ్లు ఉంది. మా ఆయన "నీ ఇష్టం" అంటారు గానీ ముఖం వేరేగా ఉంటుంది. నాన్నకు 72, షుగరు, ఊళ్లో ఒక్కడే. వెళ్లినా తప్పే, ఆగినా తప్పే అనిపిస్తోంది.

– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: వందనాలమ్మా. మీరు చివర అడిగిన ప్రశ్న కంటే ముందు, మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం మాట్లాడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశామన్నారు. ఈ వారంలోనే మళ్లీ వెళ్లండి. మొక్కు, బీఈడీ, ఉద్యోగం ఇవన్నీ మూడు నెలలు ఆగినా ఏమీ కాదు. మీ వయసులో ఇది ఆగకూడదు.

నిలిచిందని తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా పోతాయి. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, పిండం క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి. చర్చిలో మీ వరుసలోనే కూర్చునే ఆడవాళ్లలో ఎంతమందికి ఇది జరిగిందో మీకు తెలియదు, ఎందుకంటే దీన్ని సాక్ష్యంలో లేచి ఎవరూ చెప్పరు. రెండుసార్లు పోయాక కారణం వెతకడానికి పరీక్షలు ఉన్నాయి: థైరాయిడ్, షుగరు, గర్భాశయం ఆకారం, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, అవసరమైతే భార్యాభర్తలిద్దరి క్రోమోజోములు. కొన్నిటికి మంచి వైద్యం ఉంది. ఏ కారణమూ దొరకనివాళ్లలో కూడా ఎక్కువమందికి తర్వాత బిడ్డ పుడుతుంది. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పి ఉండండి. మాత్రలు ఆపేసి, అపాయింట్‌మెంటు మానుకొని చేసే ఉపవాసం దేవుడు అడిగింది కాదు.

ఆ ఆంటీ మాట గురించి నాకు కోపం వచ్చింది, దాచుకోను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగితే యేసు ప్రభువు ఏమన్నాడు? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" (యోహాను 9:3). గర్భం పోయి ఏడుస్తున్న స్త్రీ ముందు బైబిలు తెరిచి తీర్పు చదివే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. అసలు ఆవిడ చదివిన ప్రసంగి 5వ అధ్యాయం మొక్కుకున్న మనిషిని ఉద్దేశించి రాసింది. నోరు జారి మొక్కుకోవద్దని హెచ్చరించే అధ్యాయం అది. పాలు తాగే వయసులో ఉన్న బిడ్డ గురించి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు మొక్కు దగ్గరికి వద్దాం. లేవీయకాండం 27వ అధ్యాయం ఎప్పుడైనా నిదానంగా చదివారా? ప్రసంగాల్లో దాదాపు ఎవరూ ముట్టుకోని అధ్యాయం. మనుషుల్ని దేవునికి మొక్కుకుంటే ఏం చేయాలో అందులో ఉంది. ఆ మనిషికి ఒక వెల కట్టి, అది ఆలయానికి చెల్లించి, మనిషిని ఇంటికి తీసుకెళ్లవచ్చు. నెల నుంచి ఐదేళ్ల లోపు ఆడపిల్లకు కట్టిన వెల మూడు తులాల వెండి. మొక్కుకున్నవాళ్లు బీదవాళ్లయి అదీ ఇచ్చుకోలేకపోతే, వాళ్ల స్థితిని చూసి యాజకుడు తగ్గించాలి (27:8). ప్రాణం మీదికొచ్చినప్పుడు తల్లిదండ్రులు ఏమైనా మొక్కుకుంటారని, తర్వాత తీర్చలేక నలిగిపోతారని దేవునికి ముందే తెలుసన్నమాట. ధర్మశాస్త్రమే ఇంత దారి వదిలితే, కృప కింద ఉన్న మీరు ముప్పై నాలుగేళ్లుగా తాకట్టులో ఉన్నట్టు బతకడం ఎందుకు?

పిల్లలు లేక ఏడ్చి, కొడుకు పుడితే దేవునికే ఇచ్చేస్తానని మొక్కుకున్న హన్నా సంగతి మీ అమ్మగారికి బాగా తెలిసే ఉంటుంది. బహుశా ఆ కథ మనసులో పెట్టుకునే మొక్కుకొని ఉంటారు. హన్నా మొక్కు ఆమె కొడుకు సమూయేలును షిలోహు మందిరం దాకా తీసుకెళ్లింది, అంతవరకే. అక్కడ ఉన్నా ఆ పిల్లవాడికి ఇంకా యెహోవా ఎవరో తెలియదని 1 సమూయేలు 3:7లో స్పష్టంగా ఉంది. తర్వాత ఒక రాత్రి దేవుడే వాణ్ణి పేరుపెట్టి పిలవాల్సి వచ్చింది, అదీ ఒక్కసారితో అర్థం కాలేదు. తల్లి ఎంత భక్తిపరురాలైనా బిడ్డ తరఫున పలకలేదు. మీ అమ్మగారు చావుబతుకుల్లో ఉన్న బిడ్డను దేవుని చేతుల్లో పెట్టారు. బిడ్డ బతికింది, ప్రార్థన నేర్చుకుంది, విశ్వాసంలో నిలిచింది. ఆ మొక్కు గురించి నేను ఇంతకంటే అడగను, దేవుడు అడుగుతాడనీ అనుకోను.

19 ఏళ్లప్పుడు ఎత్తిన చెయ్యి మాత్రం మీదే. దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ తర్వాత నాన్న అప్పులు తీర్చారు, చెల్లి పెళ్లి చేశారు. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని 1 తిమోతి 5:8లో రాసిన పౌలు, మీరు ఆ ఏళ్లను వృథా చేశారని అంటాడా? సేన అనే దయ్యాల గుంపు పట్టినవాడు బాగుపడ్డాక, నేనూ నీతో వస్తానని ప్రభువును బతిమాలాడు. ప్రభువు వద్దన్నాడు, ఇంటికి వెళ్లమన్నాడు (లూకా 8:38, 39). వెంట రానివ్వకపోవడం కూడా ఆయన ఇచ్చిన పనే.

ఇక ఆ శనివారం. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు, మీ నిద్ర పాడుచేస్తున్నది మొక్కు కాదు, ఇదేననిపించింది. మీ తప్పేమీ లేదని నేను తేలిగ్గా అనేయను, అంటే మీరూ నమ్మరు. వస్తానన్నారు, వెళ్లలేదు. అమ్మ మర్నాడే పోతుందని మీకు తెలియదు, అయినా మాట తప్పారు. ఇలాంటి పేరున్న తప్పుకు దారి ఉంది. "ఆ శనివారం నేను వెళ్లి ఉండాల్సింది, ప్రభువా" అని అదే మాటల్లో చెప్పి ఒప్పుకోండి. ఒప్పుకుంటే ఆయన క్షమించడానికి నమ్మదగినవాడని 1 యోహాను 1:9 చెబుతోంది. ఒక్కసారి చాలు. ప్రతి ఉపవాసంలో మళ్లీ అదే తప్పు తవ్వి ఒప్పుకుంటే, మొదటిసారి ఆయన వినలేదని అనుకున్నట్టే. నాన్నగారికీ చెల్లెలికీ కూడా చెప్పండి. వాళ్లకూ అలాంటి శనివారం ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

అలా చెప్పేశాక కూడా బాధ ఉంటుంది. అది అమ్మ లేని లోటు. దాన్ని కూడా అపరాధం లెక్కలో వేసుకుంటున్నారేమో చూసుకోండి. ఏ నేరమో తెలియకుండా ఊరికే మెడ మీద కూర్చునే బరువు దేవునిది కాదు. "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" (రోమా 8:1). నిద్ర పట్టకపోవడం, పనిలో మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేసేవాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్లకూడదనే రూలేమీ లేదు.

అసలు ప్రశ్నకు వస్తే, ఆ రేకుల షెడ్ల పని మీకు వచ్చిన పిలుపే అని నాకు అనిపిస్తోంది. ఎవరూ పురమాయించకుండా, పేరు రాకుండా, ఏడాదిన్నరగా చేస్తున్నారు. ఆ పిల్లల పరిస్థితి మీకే బాగా తెలుసు: ఇంట్లో తెలుగు, బడికి పోతే కన్నడం, బిల్డింగు పూర్తవగానే ఇంకో సైటు, పండగకు ఊరెళ్తే మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. ఒకే క్లాసు రెండేళ్లు చదివినా అక్షరం నిలవదు. వాళ్ల భాష, మీ చదువు, మీ ఓపిక మూడూ ఒకచోట కలిశాయి. ఇది సేవ అవుతుందా అని బైబిల్ కాలేజీని అడగక్కర్లేదు.

అయితే ఒక షరతు. అమ్మ మొక్కు తీర్చడానికి మాత్రం ఆ పిల్లల దగ్గరికి వెళ్లకండి. అలా వెళ్తే ఆ పిల్లలు మీ అప్పుకు కట్టే ఈఎంఐ అయిపోతారు. వాళ్లు చదువుకోకపోతే, సైటు మారి వెళ్లిపోతే, కంతు తప్పినట్టు మీకు మళ్లీ భయం పట్టుకుంటుంది. ఇంకో గర్భం నిలిస్తే "చూశారా, సేవకు వచ్చాకే" అంటారు, నిలవకపోతే ఇంకేదో అంటారు. బిడ్డకూ ఈ పనికీ ముడిపెట్టకండి.

వేలూరు ఆసుపత్రి మన వాళ్లందరికీ తెలిసిందే. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్‌ది తాతల నాటి నుంచి మిషనరీల కుటుంబం. ఆమెకు మాత్రం మిషనరీ కావడం ఇష్టం లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం చేయమని అడిగారు. మగ డాక్టరు చూడటానికి ఒప్పుకోరు, ఆమెకు వైద్యం రాదు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఇంటివాళ్ల కోరిక చేయలేని పని ఆ రాత్రి చేసింది. ఆ దుఃఖంతో ఆమె మర్నాడే సేవలోకి దూకలేదన్నది ముఖ్యం. అమెరికా వెళ్లి డాక్టరు చదువు పూర్తిచేసి 1900లో తిరిగి వచ్చింది. ముందు పని నేర్చుకుంది.

మీరూ నేర్చుకోవాలి, కానీ మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. దూరవిద్యలో బీఈడీ అన్నారు. ఇగ్నో లాంటి చోట్ల అది ఇప్పటికే టీచరు శిక్షణ పొందినవాళ్లకే ఇస్తారు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు దొరకదు. మీకు రెగ్యులర్ బీఈడీయే దారి. రెండేళ్లు, రోజూ కాలేజీ, మధ్యలో బళ్లలో ప్రాక్టీసు. ఇంజనీరింగ్ వాళ్లకు 55 శాతం మార్కులు ఉండాలి, సర్టిఫికెట్లు తీసి చూసుకోండి. హాజరు లేకుండా డిగ్రీ ఇప్పిస్తామనే ఏజెంట్లు తగులుతారు, వాళ్ల జోలికి పోవద్దు. ఇదంతా అయ్యేలోపు పిల్లలకు అక్షరాలు ఎలా నేర్పాలో చిన్న శిక్షణ ఇచ్చే సంస్థలు బెంగళూరులో ఉన్నాయి, వారాంతాల్లో వెళ్లవచ్చు.

డబ్బు సంగతి ఆయనతో కూర్చుని కాగితం మీద రాయండి. "దేవుడు నాతో చెప్పాడు" అనే మాట మాత్రం ఆ సంభాషణలో వాడకండి. ఆ మాట అన్నాక అవతలి మనిషికి మాట్లాడటానికి ఏమీ మిగలదు, మీ ఆయన ఇప్పటికే "నీ ఇష్టం" దగ్గర ఆగిపోయారు. ఆయన భయం ఏమిటో అడగండి. లోనా, పిల్లల విషయమా, తన ఉద్యోగం పోతే ఏమిటనా? వచ్చే ఆరు నెలలు ఆయన జీతంతోనే ఇల్లు గడిపి, మీ జీతం మొత్తం పక్కన పెట్టి చూడండి. గడిస్తే ఆయన ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది. గడవకపోతే ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేయండి, ఆదివారాలు ఎలాగూ ఉన్నాయి. వైద్యం మొదలైతే ఆ ఖర్చూ, కంపెనీ ఇన్సూరెన్సూ లెక్కలోకి వస్తాయి కాబట్టి రాజీనామాకు తొందర అసలే వద్దు.

నాన్నగారి పేరు మీ కంపెనీ పాలసీలో ఉంటే, మీరు మానేసిన రోజు అదీ పోతుంది. విడిగా పాలసీ తీసుకుంటే షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అందుకే ముందే కదలాలి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చుకు ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఆధార్‌తో చేయించవచ్చు. దేవునికి అర్పించేశానని చెప్పి తల్లిదండ్రుల్ని వదిలేసేవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో ఉంది. నాన్నను చూసుకోవడం మీ పిలుపుకు అడ్డం కాదు.

ప్రేయర్ గ్రూపు ఆంటీతో వాదన పెట్టుకోకండి. ఈసారి అడిగితే "పరీక్షలకు వెళ్తున్నామండీ, రిపోర్టుల కోసం ప్రార్థించండి" అనండి. మళ్లీ మొక్కు ఎత్తితే, ఆ గ్రూపు మానేసి మీ పాస్టరమ్మగారితో విడిగా ప్రార్థన చేసుకోండి.