గోల్డ్‌ఫిష్ తోక ఎర్రబడితే వెంటనే మందు పొయ్యాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై కొళత్తూరులో సిమెంటు తొట్లలో గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాం. సైజుల వారీగా వేరు చేసిన మర్నాడు కొన్నింటికి తోకలు చిరిగి, ఆ చోట ఎర్రబడింది. వానలు కూడా పడుతున్నాయి. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు పొయ్యమంటున్నారు. పొయ్యాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. వలలో చిరిగిన తోక మర్నాటికి కాస్త ఎర్రబడటం చాలావరకు చేప తనను తాను కాపాడుకుంటున్న గుర్తే.

చర్మం తెగగానే అక్కడి కణాలు కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతాయి. పరిశోధనల్లో వాడే జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిల్లల తోకలో దీన్ని 2009లో చూపించారు. ఆ పిల్లల ఒళ్ళు గాజులా అవతలికి కనిపించేలా ఉంటుంది కాబట్టి తెల్ల రక్తకణాల కదలికలన్నీ మైక్రోస్కోపు కింద చూడొచ్చు. (ఇది చదివి సీసాలోని పెరాక్సైడ్ తొట్టిలో పొయ్యకండి, మొప్పలు కాలిపోతాయి.) ఆ వెనకే కీమోకైన్లనే చిన్న ప్రోటీన్లు విడుదలవుతాయి. గాయం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా పరుచుకుంటాయి. బెల్లం వాసన పట్టిన చీమల్లా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చిక్కదనం పెరిగే వైపుకే పాకుతూ వచ్చి క్రిములను మింగుతాయి. వాటి తర్వాత మాక్రోఫేజ్‌లనే మరో రకం తెల్ల కణాలు వచ్చి చెత్త ఎత్తేస్తాయి. పని అయ్యాక న్యూట్రోఫిల్స్ కొన్ని వెనక్కి వెళ్ళిపోతాయి కూడా. కీమోకైన్ల జన్యువులు మనిషిలో 50 లోపు ఉంటే జీబ్రాఫిష్‌లో 100 పైనే ఉన్నాయి. చేపను తక్కువ అంచనా వెయ్యకూడదు.

చేపకు ఎముక మజ్జలో రక్తం తయారవదు. ఈ తెల్ల రక్తకణాలు ఎక్కువగా తల వెనకుండే మూత్రపిండం ముందు భాగంలో పుడతాయి. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తయారయ్యేదీ అక్కడే. పదే పదే వల వేసినా, ఒకే తొట్టిలో కిక్కిరిసినా కార్టిసాల్ పెరిగి రక్షణ మందగిస్తుంది. వానకు నీళ్ళు చల్లబడినా అంతే. అందుకే చూద్దామని రోజూ చేపను పట్టుకోకండి. నాకు మీ తొట్టిలో గాయం కన్నా ఆ వల గురించే టెన్షన్.

ఇక టెట్రాసైక్లిన్ సంగతి. చెన్నై బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినం, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువ. ఆ కాల్షియంతో కలిసిపోయి మందు చాలావరకు పనికిరాకుండా పోతుంది. పైగా ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటే చేపకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది.

దెబ్బ తగిలినవాటిని వేరే తొట్టిలో పలచగా వదిలి, గాలి బాగా పెట్టండి. లీటరుకు 3 గ్రాముల చొప్పున కల్లుప్పు, అంటే వెయ్యి లీటర్లకు 3 కిలోలు, రెండు రోజుల్లో విడతలుగా కరిగించి పొయ్యండి. రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి. మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్ళు) అయితే క్లోరిన్ పోగొట్టాకే వాడండి. మేత తగ్గించి, అమ్మోనియా కిట్‌తో పరీక్ష చెయ్యండి.

కొన్నాళ్ళకు తోక అంచున పలచని తెల్ల గీత కనిపిస్తే అది కొత్త రెక్క, గోకకండి. దూదిలా లేస్తే మాత్రం ఫంగస్. ఎరుపు ఒంటి మీదికి పాకినా, పొలుసులు లేచినా, పుండ్లు పడినా ఆగకండి. జబ్బుతో ఉన్న చేపను బతికుండగానే సంచిలో తీసుకుని మాధవరంలోని ఫిషరీస్ యూనివర్సిటీ క్యాంపస్‌లో చూపించండి. ఏ బ్యాక్టీరియానో తేలాక, మందు అవసరమైతే మేతలో ఎంత కలపాలో వాళ్ళే చెబుతారు.