డైరెక్టరుగా తప్పుకున్నాను, నా ఇంటి మీదికి బ్యాంకు ఎలా వస్తుంది?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా తమ్ముడు జీడిమెట్లలో ప్యాకింగ్ డబ్బాల కంపెనీ పెట్టినప్పుడు, ప్రైవేటు లిమిటెడ్‌కు ఇద్దరు డైరెక్టర్లు ఉండాలంటూ నా పేరు పెట్టాడు. నేను ఫ్యాక్టరీకి రెండుసార్లకు మించి వెళ్ళలేదు, ఒక్క రూపాయి జీతం తీసుకోలేదు. 2017లో బ్యాంకు లోనుకు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకాలు పెట్టాను. 2019లో రాజీనామా చేశాను. తర్వాత కంపెనీ దెబ్బతిని, కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్ళింది, వేరేవాళ్ళు కొనుక్కున్నారు. అప్పు అక్కడితో తీరిపోయిందని తమ్ముడు చెప్పాడు. 2025 నవంబరులో బ్యాంకు నాకు నోటీసు పంపింది, 14 రోజుల్లో రూ. 2.4 కోట్లు కట్టాలట. 2021 ఆగస్టులో కూడా ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. తమ్ముడు చూసుకుంటానంటే తెరవకుండా బీరువాలో పెట్టాను. 2023లో సెటిల్‌మెంట్ కోసమని వాడు ఒక లెటర్ తెచ్చాడు, దాని మీద సంతకం పెట్టానో లేదో గుర్తు లేదు. ఉన్న ఒక్క ఇల్లు వెంటనే అమ్మాయి పేరున గిఫ్ట్ డీడ్ చేసేయమని బంధువులంటున్నారు. టైం కావాలంటూ ఒక లెటర్ రాసివ్వమని బ్యాంకు మేనేజర్ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. దారి చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఫ్యాక్టరీకి వెళ్ళలేదని, జీతం తీసుకోలేదని, తమ్ముణ్ణి నమ్మానని రాశారు. అవన్నీ నిజమే కావచ్చు. కానీ ఈ కేసు వాటి మీద తేలదు. బ్యాంకు మిమ్మల్ని డైరెక్టరు అని అడగడం లేదు. 2017లో మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఒకటి వ్యక్తిగత గ్యారంటీ పత్రం అయి ఉంటుంది. కంపెనీ కట్టకపోతే నేను కడతానని మీరు బ్యాంకుకు విడిగా రాసిచ్చిన మాట అది. రాజీనామా ఇచ్చింది కంపెనీకి, గ్యారంటీ ఇచ్చింది బ్యాంకుకు. ఒకదాన్ని వదులుకున్నంత మాత్రాన రెండోది పోదు. రాజీనామా చేసిన రోజే బ్యాంకుకు కూడా నోటీసు ఇచ్చి ఉంటే, కనీసం ఆ తర్వాత ఇచ్చిన అప్పులకైనా మీ బాధ్యత లేదని వాదించే వీలుండేది. అది మీరు చేయలేదు.

చదవకుండా సంతకం పెట్టానన్న మాట కూడా నిలబడదు. మీరు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, కోట్ల రూపాయల అప్పు కాగితం చదవకుండా ఎలా సంతకం పెట్టారు? తమ్ముడు మభ్యపెట్టాడన్నా లాభం లేదు. ఆ మోసం బ్యాంకు చేసిందనో, బ్యాంకుకు తెలిసి, దాని ఒప్పుదలతో జరిగిందనో రుజువు చేస్తేనే కాంట్రాక్టు చట్టం 142వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ చెల్లకుండా పోతుంది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

కంపెనీ అమ్ముడుపోతే అప్పు తీరిపోయిందని తమ్ముడు చెప్పింది తప్పు. 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు గ్యారంటీ ఇచ్చినవాళ్ళను కూడా ఇన్‌సాల్వెన్సీ కోడ్ (దివాలా చట్టం) కింద ఎన్‌సీఎల్‌టీకే లాగవచ్చు. ఆ ఏర్పాటు చెల్లుతుందని 2021 మేలో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుల పరిష్కారానికి ఆమోదించిన రిజల్యూషన్ ప్లాన్‌తో కంపెనీ బయటపడ్డా, గ్యారంటర్ దానంతటదే బయటపడినట్టు కాదని కూడా అందులోనే ఉంది. కొన్నవాళ్ళ దగ్గర వచ్చింది పోగా మిగిలిన సొమ్ముకే బ్యాంకు ఇప్పుడు మీ మీదికి వచ్చి ఉంటుంది. 14 రోజుల గడువు పెట్టారంటే అది అదే కోడ్ 95వ సెక్షన్ కింద పిటిషన్‌కు ముందు పంపే డిమాండ్ నోటీసు. గడువు దాటితే నాగోలు బండ్లగూడలోని ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్‌లో పిటిషన్ పడుతుంది.

ఇక అసలు విషయం. ఈ కేసు తేలేది ఒక్క తేదీ మీద. బ్యాంకు మీ గ్యారంటీని మొదటిసారి ఎప్పుడు అమలు చేసింది, అంటే డబ్బు కట్టమని మిమ్మల్ని మొదట ఎప్పుడు అడిగింది? అడిగిన వెంటనే కడతానని రాసిచ్చిన గ్యారంటీ అయితే, అడిగిన రోజు నుంచే కేసు వేయడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి మొదలవుతుంది. ఎన్‌సీఎల్‌టీలో పిటిషన్‌కు మూడేళ్ళు. 2021 ఆగస్టు నాటి కవరులో ఉన్నది ఆ డిమాండే అయితే, మామూలు లెక్కలో 2024 ఆగస్టుకు గడువు అయిపోవాలి. కానీ కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. కాబట్టి 2022 మార్చి 1 నుంచి లెక్క వేయాలి. అలా వేసినా 2025 ఫిబ్రవరి నెలాఖరుకు మూడేళ్ళు నిండిపోయాయి. నవంబరులో ఇంకో నోటీసు పంపితే గడువు మళ్ళీ మొదటికి రాదు. ఒకసారి మొదలైన కాలం ఆగదని లిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది.

మీరు నాలుగేళ్ళు తెరవకుండా వదిలేసిన ఆ కవరే ఇవాళ మీ చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం. 2021 డిమాండ్ మాటే ఎత్తకుండా, నవంబరు నోటీసే మొదటిదని బ్యాంకు చెబితే దాన్ని కొట్టేసేది ఆ కవరే. దాన్ని మీరు ఒక్కరే చింపకండి. ముందు రెండు వైపులా ఫోటోలు తీయించండి. పోస్టాఫీసు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు, మీ అడ్రసు స్పష్టంగా కనబడాలి. ఆ తర్వాత మీ అడ్వకేటు ముందు, ముద్ర లేని అంచున కోసి తెరవండి. కాగితాలతో పాటు కవరును కూడా దాచండి. అయితే లోపల ఏముందన్నది చాలా ముఖ్యం. కంపెనీ ఆస్తి స్వాధీనం గురించిన సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) నోటీసు వేరు, గ్యారంటర్‌గా మీరు ఇంత కట్టండి అన్న డిమాండ్ వేరు. మొదటిది మాత్రమే ఉంటే, దాన్ని గ్యారంటీ డిమాండ్‌గా లెక్కలోకి తీసుకోవచ్చా లేదా అన్నదే వాదన అవుతుంది. అప్పుడు గ్యారంటీ పత్రంలో డిమాండ్ ఎలా చేయాలని రాసుకున్నారో చూడాలి.

2023 లెటర్ గుర్తు లేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు అన్నిటికన్నా భయం వేసింది అక్కడే. బాకీ ఉందని ఒప్పుకుంటూ, గడువు లోపల మీరు సంతకం పెట్టి ఉంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. అంటే 2026 దాకా బ్యాంకుకు దారి తెరిచినట్టే, కవరు వాదన అంతా నీరుగారిపోతుంది. కంపెనీ ఒప్పుకుంటే గ్యారంటర్ ఒప్పుకున్నట్టే అనే షరతు కూడా చాలా బ్యాంకుల పత్రాల్లో ఉంటుంది. మీ పత్రంలో ఉందో లేదో చూడాలి. తమ్ముడి దగ్గర ఆ లెటర్ కాపీ ఉంటుంది, మొహమాటం లేకుండా అడిగి తెప్పించుకోండి. బ్యాంకు బాకీల కేసులు చూసే డీఆర్‌టీలో బ్యాంకు మీ పేరు కూడా పెట్టి కేసు వేసిందేమో చూడండి. అక్కడ రికవరీ సర్టిఫికెట్ (వసూలు ఉత్తర్వు) వచ్చి ఉంటే లెక్క మళ్ళీ మారుతుంది.

గిఫ్ట్ డీడ్ జోలికి పోవద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళితే గంటలో అయిపోయే పనే, కానీ మీ కేసును చెడగొట్టడానికి అదొక్కటి చాలు. నోటీసు అందాక కన్నకూతురికి ఉచితంగా రాసిచ్చిన ఇల్లు అప్పులవాళ్ళను ఎగ్గొట్టడానికే అని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద బ్యాంకు దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. రేపు దివాలా పిటిషన్ దాకా వెళితే, అంతకు ముందు రెండేళ్ళలో దగ్గరివాళ్ళకు ఊరికే ఇచ్చినవాటిని తిరగదోడే అధికారం ఇన్‌సాల్వెన్సీ కోడ్ 164వ సెక్షన్‌లో ఉంది. ఇల్లు దక్కదు సరికదా, మీ అమ్మాయి కూడా కోర్టు మెట్లెక్కాలి. గడువు దాటిందన్న మంచి వాదన చేతిలో ఉండి, ట్రిబ్యునల్ ముందు ఆస్తి దాచిన మనిషిగా ఎందుకు నిలబడతారు?

మేనేజర్ అడిగిన లెటర్ కూడా అంతే ప్రమాదం. గడువు దాటిపోయిన బాకీని కడతానని రాతపూర్వకంగా మాట ఇస్తే, కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. టైం ఇవ్వండి, విడతలుగా కడతాను లాంటి మాటలు కాగితం మీదే కాదు, వాట్సాప్‌లో కూడా పెట్టవద్దు. పదో ఇరవయ్యో వేలు కట్టి చూడమన్నా కట్టవద్దు.

ఇన్‌సాల్వెన్సీ కోడ్ 94వ సెక్షన్ కింద మీరే పిటిషన్ వేస్తే మీ మీద అన్నీ ఆగిపోతాయని చెప్పేవాళ్ళు కూడా తగులుతారు. ఆ పిటిషన్ వేయడమంటే బాకీని మీ నోటితో మీరు ఒప్పుకోవడం. పైగా కంపెనీల గ్యారంటర్లకు ఆ తాత్కాలిక మారటోరియం (కేసులు, వసూళ్ళు ఆగడం) వర్తించకూడదన్నది 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులోని ఒక ప్రతిపాదన.

డైరెక్టరు బాధ్యత గురించి కొంచెం చెబుతాను. ఇన్‌సాల్వెన్సీ కోడ్ 66వ సెక్షన్ కింద, కంపెనీ మునిగిపోతోందని తెలిసీ అప్పులవాళ్ళ నష్టం తగ్గించే జాగ్రత్త తీసుకోని డైరెక్టర్ల నుంచి సొమ్ము రాబట్టవచ్చు. మీకు వచ్చింది ఆ నోటీసు కాదు. అయినా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో మీ రాజీనామా నమోదయిందో లేదో, డైరెక్టర్ల మార్పు తెలిపే డీఐఆర్-12 ఫారం ఏ తేదీన పడిందో ఇవాళే చూడండి. రాజీనామా లెటర్ కంపెనీకి అందినట్టు రుజువు వెతికిపెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. 14 రోజులు దాటకముందే అడ్వకేటు ద్వారా జవాబు ఇవ్వండి. అందులో బాకీని ఒప్పుకునే ఒక్క మాటా ఉండకూడదు. గ్యారంటీ పత్రం, మొదటి డిమాండ్ నోటీసు, ఖాతా లెక్కల కాపీలు అడగండి, గడువు దాటిపోయిందన్న అభ్యంతరం చెప్పండి. పిటిషన్ పడితే ట్రిబ్యునల్ పిటిషన్‌ను పరిశీలించడానికి ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను వేస్తుంది. ఆయన నివేదిక ఇస్తారే తప్ప తీర్పు చెప్పరు. ఆయనకు కూడా అదే అభ్యంతరం రాతలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇన్‌సాల్వెన్సీ కోడ్ 100వ సెక్షన్ దగ్గర, పిటిషన్ తీసుకోవాలా వద్దా అని ట్రిబ్యునల్ విన్నప్పుడు మీ అడ్వకేటు గట్టిగా నిలబడాల్సింది ఈ గడువు మీదే. 2023 లెటర్ మీద మీ సంతకం బయటపడితే మాత్రం పంతానికి పోకండి. హక్కులకు భంగం లేకుండా అని రాయించి, అడ్వకేటు ద్వారానే సెటిల్‌మెంట్ మాట్లాడించండి. తమ్ముడు కూడా గ్యారంటీ ఇచ్చి ఉంటే, మీ వాటాకు మించి కట్టిన ప్రతి రూపాయినీ కాంట్రాక్టు చట్టం 146వ సెక్షన్ కింద అతని నుంచి వసూలు చేసే హక్కు మీకుంది. అతని గ్యారంటీ పత్రం కాపీ కూడా ఇప్పుడే తీసిపెట్టుకోండి.